అరకాసు బంగారం, పన్నెండు సంపుటాల మాటలు

మూడు గ్రాముల బంగారంతో ఐదేళ్ళు కాపురం చేశాను. జర్మనీలో పీహెచ్‌డీ చేసేటప్పుడు నా ప్రయోగమంతా ఒకే ఒక్క బంగారు బిళ్ళ మీద నడిచింది. వెడల్పు ఒక సెంటీమీటరు, మందం రెండు మిల్లీమీటర్లు. ఫోన్లో ఈ సంగతి చెబితే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని కాసులుంటుందే?" అని. లెక్కేసి, అరకాసు కూడా రాదన్నాను. "దానికోసం అంత దూరం పోవాలా? మన ఆచారి గారి కొట్లో కూర్చున్నా సరిపోయేది" అంది.

ఎగతాళికే అన్నా, అమ్మ మాటలో నిజముంది. ఆచారి గారు బంగారాన్ని పుటం పెట్టినట్టే నేనూ రోజూ పొద్దున్నే నా బిళ్ళకి పుటం పెట్టేదాన్ని. ముందు ఆర్గాన్ అయాన్లతో పైపొరలని కొట్టి లేపెయ్యాలి. దాన్ని స్పటరింగ్ అంటాం. అలా కొట్టాక పైభాగమంతా గుంటలు పడ్డ రోడ్డులా తయారవుతుంది కాబట్టి, బిళ్ళని బాగా వేడిచేసి పరమాణువులు మళ్ళీ వరసలో సర్దుకునేదాకా ఆగాలి. అది ఆనీలింగ్. అప్పుడు ఓజే స్పెక్ట్రం, అంటే పైపొరలో ఏ మూలకాలున్నాయో చూపించే గ్రాఫు, తీసి చూడాలి. 272 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర చిన్న బొడిపె కనిపించిందంటే అది కార్బన్. అంటే మురికి ఇంకా పోలేదు, మళ్ళీ మొదటికి. ఆ 272 అంకె నాకు ఇప్పటికీ కల్లోకి వస్తుంది.

ఇంత మడి ఎందుకంటే, గాలి ఊరుకోదు. మామూలు గాలి ఒత్తిడి 760 టార్. అందులోంచి దాదాపు అంతా లాగేసి, ఒక టార్‌లో పది లక్షో వంతు దాకా తగ్గించామనుకోండి. అప్పుడు కూడా, తగిలిన అణువల్లా అతుక్కుంటే, శుభ్రం చేసిన లోహం మీద ఒక పొర పేరుకోడానికి ఒక్క సెకను చాలు. దానికి ఇంకో పదివేల రెట్లు తక్కువ ఒత్తిడికి వెళ్తే సుమారు మూడు గంటలు దొరుకుతాయి. మా పనంతా ఆ మూడు గంటల కోసం. బిళ్ళని గాలి లేకుండా ఉంచే స్టీలు చాంబర్ తెరిచిన ప్రతిసారీ దానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, హీటర్లు పెట్టి, రెండు రోజులు కాల్చాలి, లోపలి గోడలకు పట్టిన నీటి ఆవిరి పోవడానికి. దూరం నుంచి చూస్తే ఫాయిల్‌లో చుట్టిన పెద్ద బిర్యానీ పార్సిల్‌లా ఉండేది. కీలు కీలుకీ మధ్య రాగి రింగు వేసి బోల్టులు బిగిస్తే, స్టీలు అంచు ఆ రాగిలోకి కత్తిలా దిగి సీల్ పడుతుంది. ఒకసారి వాడిన రింగు మళ్ళీ పనికిరాదు. అలాంటిది ఒకటి ఇప్పటికీ నా బల్ల మీద పేపర్‌వెయిట్‌గా ఉంది.

ఇంత చేసి ఆ బంగారం మీదికి వదిలేది నైట్రిక్ ఆక్సైడ్. రెండే పరమాణువులున్న అణువు, స్ప్రింగుకి రెండు గోళీలు తగిలించినట్టు. లేజర్‌తో ఆ స్ప్రింగుని బాగా ఊపి బంగారం మీదికి కొట్టి, తిరిగొచ్చేటప్పుడు ఎంత ఊపు మిగిలిందో ఇంకో లేజర్‌తో కొలుస్తాం. 2000లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం మా అందరికీ పెద్దబాలశిక్ష లాంటిది. 15వ కంపన స్థాయికి ఎక్కించిన నైట్రిక్ ఆక్సైడ్, బంగారానికి తగిలిన ఒక్క దెబ్బకే బోలెడన్ని మెట్లు దిగిపోయింది. అదే లిథియం ఫ్లోరైడ్ అనే ఉప్పు స్ఫటికం మీద వదిలితే ఊపు పెద్దగా తగ్గకుండానే వెనక్కొచ్చింది. తేడా ఏంటంటే, లోహంలో ఎలక్ట్రాన్లు తిరగడానికి స్వేచ్ఛ ఉంది. ఒక ఎలక్ట్రాన్ సెకనులో లక్ష కోట్లో వంతు కంటే తక్కువ కాలంలో అణువు మీదికి దూకి, దాని ఊపు పట్టుకుని తిరిగి లోహంలోకి దిగిపోతుంది.

ఇది ఎందుకంత గొడవైందంటే, 1927లో బోర్న్, ఓపెన్‌హైమర్ అనే భౌతికశాస్త్రవేత్తలు ఒక వెసులుబాటు ఇచ్చారు. ఎలక్ట్రాన్లు కేంద్రకాల కంటే వేల రెట్లు తేలిక కాబట్టి, కేంద్రకాలు ఎటు కదిలితే అవి వెంటనే అటు సర్దుకుపోతాయనుకుని లెక్క చెయ్యొచ్చని. రసాయన శాస్త్రంలో సగం ఆ వెసులుబాటు మీదే బతుకుతోంది. లోహం దగ్గర అది చెల్లదు. ఇందులో నాకు నచ్చే విషయం, ఢీకొన్న ఆ క్షణాన్ని ఎవరూ చూడలేదు. పోయేదేంటో తెలుసు, వచ్చేదేంటో తెలుసు. మధ్యలో జరిగింది ఊహించాలి.

ఇదంతా వదిలేసి హైదరాబాద్ వచ్చి ఇప్పుడు చేస్తున్న పని రాజ్యాంగ సభ చర్చల్ని కంప్యూటర్‌తో చదవడం. 1946 డిసెంబరు 9 నుంచి 1950 జనవరి 24 దాకా సభలో మాట్లాడిన మాటలన్నీ సంపుటాలుగా ఉన్నాయి, పార్లమెంటు వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఎవరు ఏ విషయం ఎత్తారు, ఎవరి మాట ఎవరు అందుకున్నారు, ఏ సవరణ ఎక్కడ పడిపోయింది అని వెతుకుతుంటాం.

పెళ్ళిళ్ళలో కలిసినవాళ్ళు, "దానికీ దీనికీ సంబంధం ఏంటమ్మా?" అని అడుగుతారు. కాస్త చదువుకున్న బావగారొకరైతే తనే జవాబు కూడా చెప్పేశారు: "మనుషులు కూడా అణువుల్లాంటి వాళ్ళే కదా, గుంపుగా చూస్తే లెక్కలకి దొరుకుతారు." ఆయన ముందు నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. చరిత్ర తిరగేస్తే కథ తలకిందులుగా ఉంటుంది. మనుషుల్ని గుంపుగా లెక్కేసి సగటు తీయడం ముందు మొదలైంది. బెల్జియంలో కెటలే అనే గణాంకవేత్త 1835లోనే జననాలు, నేరాలు, మనుషుల ఎత్తులూ బరువులూ పట్టుకుని "సామాజిక భౌతికశాస్త్రం" అనడం మొదలుపెట్టాడు. ఆయన పని మీద ఇంగ్లండ్ శాస్త్రవేత్త హెర్షెల్ రాసిన సమీక్షని భౌతికశాస్త్రవేత్త మ్యాక్స్‌వెల్ చదివాడనీ, వాయువుల్లో అణువుల వేగాల లెక్కకి ఆ ఆలోచన సాయపడిందనీ సైన్సు చరిత్రకారులు అంటారు. 1873లో అణువుల మీద ఇచ్చిన ఉపన్యాసంలో మ్యాక్స్‌వెల్ స్వయంగా, ఈ పద్ధతి భౌతికశాస్త్రానికి కొత్త గానీ గణాంకాల వాళ్ళు ఎప్పటి నుంచో వాడుతున్నదే అని ఒప్పుకున్నాడు. అంటే జనం లెక్కల్ని అణువులే అప్పు తెచ్చుకున్నాయి. ఇప్పుడు మనం ఆ అప్పుని వడ్డీతో సహా జనం నెత్తిన పెడుతున్నాం, అదేదో మన సొంత సొమ్మైనట్టు.

ల్యాబ్ నుంచి నేను తెచ్చుకున్నది సిద్ధాంతం కాదు, శుభ్రం పిచ్చి. ఆ పిచ్చే మొదటి ఏడాది నన్ను ముంచింది.

టెక్స్ట్ పనిలో కొత్తగా చేరిన ఎవరికైనా చెప్పే మొదటి పాఠం, ఉత్త మాటలు తీసెయ్యమని. "ద, ఆఫ్, నాట్, నో, షుడ్" లాంటివి ప్రతి వాక్యంలోనూ ఉంటాయి కాబట్టి అర్థం ఇవ్వవని రెడీమేడ్ జాబితాలు ఉంటాయి. 272 దగ్గర బొడిపె చూసినట్టు వాటిని చూసి అన్నీ ఊడ్చేశాను. గ్రాఫు చక్కగా వచ్చింది. అందులో అంబేడ్కర్ ఎంత సర్దుకుపోయే మనిషంటే, ఎవరు ఏ సవరణ తెచ్చినా అంగీకరించేస్తున్నారు! రెండు రోజులు మురిసిపోయాక అసలు పేజీ తీసి చూశాను. ఆయన నిలబడి "ఐ డు నాట్ యాక్సెప్ట్ ది అమెండ్‌మెంట్" అనేసి కూర్చున్న చోట్ల నేను "నాట్" తీసేశాను.

ఉత్త మాటల సంగతి అమెరికాలో ఇద్దరు గణాంకవేత్తలు, మోస్టెలర్, వాలెస్, ఎప్పుడో తేల్చి పెట్టారు. 1787-88లో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 12 హామిల్టన్‌వా, మాడిసన్‌వా అన్న తగువు ఉండేది. 1964లో వీళ్ళు పెద్ద పెద్ద భావాల జోలికి పోకుండా చిల్లర మాటలు లెక్కపెట్టారు. "అపాన్" అన్న మాట హామిల్టన్ వెయ్యి మాటలకు మూడు సార్ల దాకా వాడతాడు, మాడిసన్ దాదాపు వాడడు. ఆ 12 మాడిసన్‌వే అని తేలింది. రాజ్యాంగం విషయంలో ఈ చిల్లర ఇంకా ఖరీదైంది. "మే" తీసి "షల్" పెట్టమని అడిగితే అదే ఒక సవరణ. చెయ్యొచ్చు అనడానికీ చెయ్యాలి అనడానికీ మధ్య ప్రభుత్వం మొత్తం దూరిపోతుంది.

రెండో తప్పు ఇంకా సిగ్గుచేటు. 1948 డిసెంబరులో "ఆర్టికల్ 15" అన్న మాట ఒక్కసారిగా ఎగిసింది. కులం, మతం, లింగం పేరుతో వివక్ష కూడదనే అధికరణం కదా, దాని మీద పెద్ద చర్చ జరిగిందని స్లైడు తయారుచేసి ఒక చిన్న సెమినార్‌లో చూపించాను. వెనక వరసలోంచి లా చదివే కుర్రాడు చెయ్యెత్తి, "మేడమ్, అది ముసాయిదా నంబరండీ" అన్నాడు. ముసాయిదాలో 315 అధికరణాలు, చివరికి 395 అయ్యాయి. మధ్యలో నంబర్లన్నీ జరిగిపోయాయి. ఆనాటి 15 ఇప్పటి 21: ప్రాణానికీ, వ్యక్తి స్వేచ్ఛకీ సంబంధించింది. ఇప్పటి 15 ఆనాటి 9. ఆ నెల 6న, 13న సభ తలబద్దలు కొట్టుకున్నది "డ్యూ ప్రాసెస్" (చట్టం న్యాయంగా ఉందో లేదో కోర్టు చూడటం) ఉండాలా, "చట్టం ఏర్పరచిన పద్ధతి" చాలా అని. మన నెల్లూరు వైపు పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ రెండో దాని వైపు వాదించారు. అంబేడ్కర్ రెండు పక్కలా ఉన్న ప్రమాదాలు వివరించి, నిర్ణయం సభకే వదిలేశారు. నా గ్రాఫుకి ఇవేమీ తెలీదు. కుర్రాడికి కాఫీ ఇప్పించి, ఆ రాత్రే నంబర్ల పట్టిక ప్రింట్ తీసి గోడకి అంటించాను.

ఆ పట్టిక పక్కన ఇంకో కాగితం ఉంది, పేర్లది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఎంత మాట్లాడారో చూద్దామని ఇంటిపేరుతో వెతికితే బోలెడు ప్రసంగాలు దొరికాయి. అన్నీ పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ అనే ఇంకో సభ్యుడివి! ఆవిడకి సి.డి. దేశ్‌ముఖ్‌తో పెళ్ళైంది 1953లో. సభ రికార్డుల్లో ఆవిడ జి. దుర్గాబాయి. ఆ చర్చల్లో హిందుస్తానీలో మాట్లాడినవాళ్ళ మాటలు ఇంగ్లిష్ అనువాదంగా అచ్చయ్యాయి కాబట్టి, వాళ్ళ విషయంలో నేను లెక్కపెట్టేది అనువాదకుడి పదాల్ని. ఆ పేజీలకు ఇప్పుడు వేరే రంగు వేసి పక్కన పెడుతున్నాను.

తెలుగు పత్రికల మీద కూడా ఇదే పని చేద్దామని ఒక వేసవంతా కూర్చున్నాను. రాజ్యాంగం, రాజ్యాంగాన్ని, రాజ్యాంగంలో, రాజ్యాంగపు అన్నీ కంప్యూటర్‌కి వేరువేరు మాటలు. సరే, చివర "లో" ఉంటే కొయ్యమని ప్రోగ్రామ్ రాశాను. "హలో" కాస్తా "హ" అయింది, "కిలో" కాస్తా "కి" అయింది. కిలో టమాటా ధర మీద వచ్చిన వార్తలన్నీ గల్లంతు. ఆ పని ఇంకా అలాగే ఉంది.

ఈ వారం తొమ్మిదో సంపుటం మొదలుపెట్టాను. 1949 సెప్టెంబరులో ఆస్తి హక్కు మీద రెండు రోజులు వాదించుకున్నారు. ముసాయిదాలో అది 24, రాజ్యాంగంలో 31 అయింది, 1978లో 44వ సవరణతో ఆ నంబరే లేకుండా పోయింది. గోడ మీది పట్టికలో ఆ గడిలో ఏం రాయాలో తోచక ప్రస్తుతానికి పెన్సిల్‌తో అడ్డగీత పెట్టాను.