బీర్బల్ సాహ్నిని బిట్టుగా చదివి వదిలేయకండి

బీర్బల్ సాహ్ని పేరు చెబితే పాలమూరులో గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఠక్కున "లక్నో" అంటారు. ఆయన పెట్టిన పురావృక్షశాస్త్ర (రాళ్లుగా మారిన పాతకాలపు మొక్కల్ని చదివే శాస్త్రం) సంస్థ ఎక్కడుంది అనే బిట్టు వాళ్లకు కంఠతా వచ్చు. మార్కు పడుతుంది, పేజీ తిప్పేస్తారు. నాకు మాత్రం మనసుకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆయన ఏళ్ల తరబడి కోసి, అరగదీసి చదివిన రాళ్ల లాంటి రాళ్లే మన పరిగి, వికారాబాద్ దిక్కు పొలాల కింద ఉన్నాయి, ఆ సంగతి మన పిల్లలకు చెప్పినవాళ్లు లేరు. కాస్త పొడవైనా ఓపిగ్గా చదవండి.

సాహ్ని 1891 నవంబర్ 14న పంజాబులోని భేరాలో పుట్టారు, ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. నాన్న రుచిరామ్ సాహ్ని లాహోరులో కెమిస్ట్రీ ప్రొఫెసర్. లాహోరులో చదువయ్యాక కేంబ్రిడ్జికి వెళ్లి, అప్పట్లో శిలాజ వృక్షాలకు పెద్ద దిక్కైన సీవార్డ్ దగ్గర శిష్యరికం చేశారు. డిగ్రీలు, పదవులు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి ఎక్కువ పోను. 1921 నుంచి లక్నో యూనివర్సిటీలో బోటనీ శాఖకు అధిపతి, 1936లో రాయల్ సొసైటీ ఫెలో, అంతవరకు చాలు.

నాకు బాగా నచ్చేది 1915లో, ఇంకా కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన రాసిన పేపర్. గింగో అని చైనా చెట్టు ఒకటుంది. దాని అండాల్ని, అంటే ముందు ముందు విత్తనాలు కాబోయేవాటిని, కోసి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే లోపల గింగో పుప్పొడితో పాటు వేరే చెట్ల పుప్పొడి కూడా కనిపించింది. గాలికి కొట్టుకొచ్చి దూరింది, అంతే. ఇంకొకరైతే చూసి ఊరుకునేవారు. సాహ్ని మాత్రం అక్కడే ఆగి ఆలోచించారు: బతికున్న చెట్టులోనే ఇలా జరుగుతుంటే, కోట్ల ఏళ్ల నాటి శిలాజ విత్తనంలో ఒక పుప్పొడి రేణువు కనిపించగానే అది ఆ చెట్టుదే అని ఎట్లా అంటాం? ఒకచోట దొరికినవన్నీ ఒకదానికొకటి చెందినవి కావాలని లేదు. ఆయన చేసిన పని మొత్తానికి ఇదే ఇరుసు అని నా నమ్మకం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. విడివిడిగా దొరికినవి ఒకే చెట్టువి కావచ్చు. ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న రాజ్‌మహల్ కొండల్లో కాండం ఒకచోట, ఆకు ఒకచోట, పువ్వు ఒకచోట దొరికేవి, ఒక్కోదానికి ఒక్కో పేరుండేది. సాహ్ని వాటి లోపలి నిర్మాణం చూసి, ఇవన్నీ ఒకే మొక్క భాగాలని చూపించి, 1932లో ఆ మొక్కను నిలబెట్టి బొమ్మ గీసి, దానికి గురువు పేరు మీద విలియమ్సోనియా సీవార్డియానా అని పేరు పెట్టారు. 1948లో అవే కొండల శిలాజాల నుంచి పెంటాక్సిలే అనే కొత్త గుంపునే లోకానికి చూపించారు, అది ఇవాళ బతికున్న ఏ మొక్కల గుంపులోనూ సరిగ్గా ఇమడదు.

రాయిలో చెట్టు లోపలి నిర్మాణం కనిపించడమేంటి అని అడుగుతారేమో. రాయిగా మారిన కట్టె ముక్కను రంపంతో పలచటి బిళ్లగా కోస్తారు. ఒక వైపు నునుపు చేసి, కెనడా బాల్సమ్ అనే బంకతో గాజు పలకకు అంటించి, రెండో వైపు కార్బోరండం అనే గరుకు పొడి వేసి నీళ్లతో అరగదీస్తూ పోతారు. వెలుతురు అటు నుంచి ఇటు కనిపించేంత పలచబడాలి. కొంచెం తొందరపడి ఎక్కువ గీస్తే ఉన్న ఒక్క ముక్కా పోతుంది. అన్నీ కుదిరితే కోట్ల ఏళ్ల కిందటి చెట్టు కణాల గోడలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేలా కనిపిస్తాయి.

ఇక మన సంగతి. మహబూబ్‌నగర్, నల్లగొండ చుట్టూ కనిపించే గుట్టలు గ్రానైటు, వాటిలో శిలాజాలు వెతకడం దండుగ. కానీ వికారాబాద్, పరిగి దిక్కు, పాత పాలమూరు జిల్లా వాయవ్య కొసలో కొడంగల్ దిక్కు పోతే నేల మారిపోతుంది. నల్లరేగడి, దాని కింద నల్లరాయి. అది దక్కన్ లావా, దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారి గడ్డకట్టింది. ఒక పొర పారాక మళ్లీ ఇంకో పొర వచ్చేలోపు చాలా కాలం గడిచేది, ఆ వ్యవధిలో దాని మీద చెరువులు ఏర్పడేవి, నత్తలు బతికేవి, చెట్లు పెరిగి ఆకులు, కాయలు బురదలో రాలేవి. సిలికా కలిసిన నీళ్లు వాటి కణాల్లోకి ఇంకి, అవి చెకుముకి రాయంత గట్టిగా మారేవి. పైన మళ్లీ లావా. రెండు నల్లరాతి పొరల మధ్య ఇరుక్కున్న ఈ సన్నటి పొరల్లోని మొక్కల్నే సాహ్ని చదివారు.

ఆయన ఎక్కువ పనిచేసింది మధ్యప్రదేశ్ ఛింద్వారా జిల్లా మోహ్‌గావ్ కలాన్ లాంటి చోట్ల దొరికిన శిలాజాల మీద. అక్కడ నీపా కాయలు దొరికాయి. నీపా అంటే ఉప్పునీటి ఒడ్డున బురదలో పెరిగే తాటి జాతి, ఇప్పుడైతే సుందరబన్స్‌లోనో అండమాన్‌లోనో చూడాలి. దేశం నడిబొడ్డున ఆ కాయలున్నాయంటే సముద్రపు పాయ ఒకటి అంత దగ్గరికి వచ్చి ఉండాలి! తాటి జాతి చెట్లు అంత విరివిగా ఉండడం, డైనోసార్ల తర్వాతి కాలానిదైన లండన్ బంకమట్టిలోనూ ఇలాంటి కాయలే ఉండడం చూసి, దక్కన్ లావా అందరూ అనుకున్నట్టు డైనోసార్ల కాలానిది కాదు, ఆ తర్వాతి టెర్షియరీ యుగానిది అని 1934లో గట్టిగా వాదించారు. ఇప్పటి లెక్కల ప్రకారం లావా ఆ రెండు యుగాల సరిహద్దుకు అటూ ఇటూ పారింది. అంటే ఆయన మాట సగం నిలబడింది, ఆకులూ కాయలూ తప్ప వేరే గడియారం లేని రోజుల్లో అది చిన్న విషయం కాదు.

పంజాబు ఉప్పు కొండల విషయంలో మాత్రం ఆయన పొరబడ్డారు. ఉప్పును కరిగించి చూస్తే కట్టె తునకలు, పురుగుల ముక్కలు కనిపించాయి, అందుకని ఆ ఉప్పు కొత్తదే, డైనోసార్ల తర్వాత వచ్చిన ఈయోసీన్ కాలానిది అన్నారు. అది డైనోసార్లకు చాలా ముందటి కేంబ్రియన్ నాటిది, లేదా ఇంకా కొంచెం పాతదని తర్వాత తేలింది. ఆ కాలంలో నేల మీద కట్టె ఉన్న చెట్టే లేదు, కాబట్టి ఆ తునకలు ఎప్పుడో తర్వాత దూరినవే అయ్యుండాలి. 1915లో గింగో గురించి లోకాన్ని హెచ్చరించిన మనిషికే ఇలా జరిగిందని చదివినప్పుడు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది తప్ప తగ్గలేదు. ఆయన ఆధారాలన్నీ బయట పెట్టి వాదించారు, అందుకే తప్పని తేల్చడం సాధ్యమైంది.

1949 ఏప్రిల్ 3న లక్నోలో ఆయన కలలుగన్న సంస్థకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ పునాదిరాయి మామూలు రాయి కాదు, రకరకాల యుగాల శిలాజాలు పొదిగి చేసింది. వారం తిరగకుండానే, ఏప్రిల్ 10న, సాహ్ని గుండెపోటుతో పోయారు. 57 ఏళ్లు. భార్య సావిత్రి గారు ఆ బాధ దిగమింగి సంస్థ బాధ్యత భుజాన వేసుకుని భవనం కట్టించారు. బిట్టు పుస్తకాల్లో ఆమె పేరు కూడా ఉండాలి.

ఇక నస్కల్. వికారాబాద్ జిల్లాలోని ఈ ఊరి దగ్గర, లావా పొరల మధ్య మట్టిలో, డైనోసార్ల కాలం చివరలో బతికిన చుంచెలుకంత జంతువు పళ్లు దొరికాయి. 1988లో దాన్ని ప్రకటించింది గుంటుపల్లి వి. ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని. ఈ అశోక్ సాహ్ని ఎవరో కాదు, బీర్బల్ తమ్ముడు ఎం. ఆర్. సాహ్ని కొడుకు. క్రెటేషియస్, అంటే డైనోసార్ల చివరి కాలం నాటి క్షీరదం మన దేశంలో దొరకడం అదే మొదలు. అంతకు నూరేళ్లకు ముందే నాగపూర్‌లో ఉంటూ శిలాజాలు సేకరించిన మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ పేరు మీద దానికి డెక్కనోలెస్టెస్ హిస్లోపి అని పేరు పెట్టారు. ఒక్కో పన్ను ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. ఇలాంటి వాటి కోసం మట్టిని నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, మిగిలిన రవ్వను ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాలి.

ఆ దిక్కు ఉన్నవాళ్లకు ఒక మాట. బావి తవ్వినా, రోడ్డు కోసం గుట్ట కోసినా, నల్లరాయికీ నల్లరాయికీ నడుమ తెల్లగానో బూడిద రంగులోనో సన్నటి పొర, అందులో నత్తగుల్లలు కనిపిస్తే పగలగొట్టకండి. ఫోన్‌లో ఫొటో తీయండి, పక్కన పెన్నో చెప్పో పెడితే సైజు తెలుస్తుంది. ఊరి పేరు, ఎంత లోతులో ఉంది, పైనా కిందా ఏ రాయి ఉంది అన్నది అక్కడికక్కడే రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఎక్కడిదో తెలియని ముక్కతో ఎవరికీ పని ఉండదు. హైదరాబాద్ బండ్లగూడలో జీఎస్ఐ (కేంద్ర ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) ఆఫీసు ఉంది, ఉస్మానియాలో జియాలజీ శాఖ ఉంది, వాళ్లకు చూపించండి.