గంగమ్మ పేరుతో పరిగెత్తాను

మా నాయన కదిరి దగ్గరి పల్లె నుంచి బెంగళూరు వచ్చేనాటికి నాకు ఆరేళ్లు. ఆయన తాపీ మేస్త్రి. అప్పట్లో కె.ఆర్.పురం వైపు ఎటు చూసినా కడుతున్న ఇళ్లే, పనికి కొదవ లేదు. నన్ను బడిలో చేర్చిన రోజు రిజిస్టర్ రాసేవాళ్లు పేరడిగితే మా నాయన "వెంగమ్మ" అన్నాడు. అది మా జేజి పేరు. వాళ్లు కన్నడంలో "గంగమ్మ" అని రాసుకున్నారు. మా నాయనకి కన్నడం చదవడం రాదు. ఆ సాయంత్రం ఫీజు రసీదు చూసి పక్కింటావిడ చెబితే, "పోనీలేమ్మా, గంగమ్మ కూడా దేవతే కదా" అన్నాడు. ఊరు కొత్త, భాష కొత్త. మళ్లీ పోయి తప్పు రాశారని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

ఇప్పుడు నేను ఒక బడిలో పీటీ టీచర్‌ని. 2024 డిసెంబర్‌లో మా ఎనిమిదో తరగతి పిల్లలు "మిస్, ఈ అన్నని చూడండి మిస్" అంటూ ఒక వీడియో చూపించారు. బ్రిస్బేన్‌లో స్కూలు పిల్లల పోటీలు, అబ్బాయిల 200 మీటర్లు. సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక నల్లజాతి కుర్రాడు వంపు దాటి నేరుగా ఉన్న ట్రాక్ మీదికి వచ్చాడు. అక్కడి నుంచి మిగతావాళ్లు ఆగిపోయారా అన్నట్టుంది. నిజానికి ఎవరూ ఆగలేదు. చివరి ఎనభై మీటర్లలో అందరి వేగం తగ్గుతుంది, అతనిది అందరికంటే తక్కువగా తగ్గుతుంది, అంతే. ఈ మాట పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు. ఆ రోజు వీడియో నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూపిస్తే అర్థమైంది. మోకాళ్లు చివరిదాకా అదే ఎత్తులో లేస్తున్నాయి, భుజాలు బిగుసుకోలేదు, దవడ కూడా వదులుగానే ఉంది.

ఆ కుర్రాడి పేరు గౌట్ గౌట్. ఇంటిపేరూ అదే, సొంత పేరూ అదే. పుట్టింది 2007 డిసెంబర్ 29న, క్వీన్స్‌లాండ్‌లోని ఇప్స్‌విచ్‌లో. అమ్మానాన్నలు దక్షిణ సూడాన్ వాళ్లు. ఈజిప్టు మీదుగా ఆస్ట్రేలియా చేరారు. ఏడుగురు పిల్లల్లో ఇతను మూడోవాడు. వాళ్లు అక్కడికి చేరేటప్పటికి దక్షిణ సూడాన్ అనే దేశమే ఇంకా లేదు, అది ఏర్పడింది 2011లో. అంటే కన్నవాళ్ల దేశం కంటే కొడుకే వయసులో పెద్ద.

తర్వాత అతని గురించి చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. ఆ పేరు అలా రాయడం తప్పని వాళ్ల నాన్న చెప్పాడట. "గ్వాట్" అని పలకాల్సిన పేరు అరబిక్ నుంచి ఇంగ్లిష్‌లోకి రాసేటప్పుడు అక్షరాలు తారుమారై, యూరిక్ యాసిడ్ పెరిగితే వచ్చే కీళ్ల జబ్బు పేరైపోయిందట. నా కొడుకుని జబ్బు పేరుతో పిలవడం నాకిష్టం లేదని ఆయన బాధపడ్డాడని చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. మా నాయనే గుర్తొచ్చాడు.

ఆ రోజు గౌట్ టైము 20.04 సెకన్లు. ఆస్ట్రేలియాలో అప్పటిదాకా ఉన్న రికార్డు 20.06. అది 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో పీటర్ నార్మన్ వెండి పతకం తెచ్చుకున్నప్పటిది. ఆ వేగంలో మనిషి సెకనుకు పది మీటర్లు పోతాడు, కాబట్టి సెకనులో రెండు వందో వంతులంటే ఇరవై సెంటీమీటర్లు. ఒక జానెడు. ఆ జానెడు దాటడానికి ఆ దేశానికి 56 ఏళ్లు పట్టింది, దాటినవాడికి ఇంకా పదహారేళ్లు. అదే వయసులో ఉసేన్ బోల్ట్ మంచి టైము 20.13.

నార్మన్ ఎవరో మా పిల్లలకు తెలియదు, చెప్పాను. ఆ పతకాల వేదిక మీద అమెరికా నల్లజాతి పరుగువీరులు టామీ స్మిత్, జాన్ కార్లోస్ జాతి వివక్షకు నిరసనగా నల్ల గ్లౌజులు తొడిగిన పిడికిళ్లు పైకెత్తి నిలబడ్డారు. పక్కనున్న తెల్లవాడు నార్మన్ వాళ్లకు మద్దతుగా, వాళ్లు పెట్టుకున్న మానవ హక్కుల బ్యాడ్జే తనూ ఛాతీకి పెట్టుకున్నాడు. 2006లో ఆయన చనిపోతే ఆ ఇద్దరూ వచ్చి శవపేటిక మోశారు. అలాంటి మనిషి రికార్డు ఇలాంటి పిల్లవాడి చేతికి రావడం నాకు ఎంతో సంతోషం.

అయితే వృత్తి రీత్యా నా కళ్లు ఇంకోచోట నిలిచాయి. అది స్కూలు పిల్లల మీట్. అయినా అక్కడ ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉంది, గాలి వేగం కొలిచే గేజ్ ఉంది, రూల్స్ ప్రకారం అధికారులున్నారు. అందుకే బడి పిల్లాడి పరుగు అదే రోజు దేశం రికార్డయింది. అతనికి కోచ్ డై షెపర్డ్ దొరికింది కూడా బడిలోనే, ఇప్స్‌విచ్ గ్రామర్ స్కూల్లో.

పరిగెత్తడం ఒక ఎత్తు, ఆ పరుగు సరిగ్గా కాగితం మీదికి ఎక్కడం ఇంకో ఎత్తు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజికి ఏం జరిగిందో చూడండి. వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు. 2020లో మన కర్ణాటకలోనే, మూడబిదిరెలో, యూనివర్సిటీల పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. ఆమె టైము లెక్కలోకి రాలేదు. డోప్ పరీక్ష జరగలేదన్నారు. ఆ పరీక్ష పెట్టాల్సింది ఆ పిల్లా? 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 పరిగెత్తితే వెనక నుంచి గాలి సెకనుకు 2.1 మీటర్లుంది. వెనక గాలి ముందుకు తోస్తుంది కాబట్టి రికార్డుకు హద్దు 2.0. అదీ పోయింది. మే నెలలో సైప్రస్‌లో 13.23 పరిగెత్తాక గానీ రికార్డు పుస్తకంలో ఆమె పేరు పడలేదు.

గాలి దెబ్బ గౌట్‌కి కూడా తగిలింది. 2025 ఏప్రిల్‌లో పెర్త్‌లో 19.84 వచ్చింది, గాలి 2.2. ఆ టైము చెల్లలేదు. కానీ గాలి ఎవరి తప్పూ కాదు, అందుకు నాకు బాధ లేదు. జూన్‌లో చెక్ రిపబ్లిక్‌లోని ఓస్ట్రావాలో చెల్లే గాలితో 20.02 పరిగెత్తి తన రికార్డు తనే దాటాడు. సెప్టెంబర్‌లో టోక్యో ప్రపంచ పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్లాడు. పదిహేడేళ్లకే పెద్దవాళ్ల మధ్య సెమీఫైనల్. నా దృష్టిలో ఆ కుర్రాడిని ఇప్పుడే ఇంకో బోల్ట్ అనేయడం మంచిది కాదు. వంపులో అతని మొదటి నలభై మీటర్లు ఇంకా బాగుపడాలి, ఒళ్లు ఇంకా గట్టిపడాలి. టైము ఇవ్వాలి.

1999లో నేను తొమ్మిదో తరగతి. తాలూకా పోటీల్లో 200 మీటర్లు గెలిచాను. జిల్లా పోటీల రోజు బర్త్ సర్టిఫికెట్ అడిగారు. మా ఊరు నుంచి తెప్పించిన కాగితంలో వెంగమ్మ, బడి లిస్టులో గంగమ్మ. ఇద్దరూ ఒకరే అని ఏమిటి రుజువు అన్నారు. మా నాయనకి కబురు పంపితే పని మధ్యలోంచి అలాగే వచ్చాడు. చేతులకు సిమెంటు ఎండి తెల్లగా పొడి రాలుతోంది. కాగితం మాసిపోతుందని బొటనవేలు, చూపుడువేలు చివరలతో అంచు మాత్రమే పట్టుకుని టేబుల్ ముందు నిలబడ్డాడు. "నా బిడ్డే సార్, పేరు తప్పు పడింది సార్" అని తెలుగులో, వచ్చీరాని కన్నడంలో మళ్లీ మళ్లీ చెప్పాడు. నా తొలి రౌండు పరుగు మొదలైపోయింది. తుపాకీ చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది. ఆయన అప్పుడు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బస్సులో ఇంటిదాకా మాట్లాడలేదు.

ఇప్పుడు నా దగ్గర పదమూడేళ్ల పిల్ల ఒకతి ఉంది. చిన్నపిల్ల కాబట్టి పేరు రాయను. వాళ్లది ఆదోని వైపు. అమ్మ మూడిళ్లలో పని చేస్తుంది, నాన్న బిల్డింగుల దగ్గర వాచ్‌మన్. మా బడి గ్రౌండ్‌లో సున్నంతో గీతలు గీసినా 200 మీటర్ల ట్రాక్ పట్టదు, అందుకని వీలైన ఆదివారాలు కంఠీరవ స్టేడియానికి తీసుకెళ్తాను. పోయిన నెల నా స్టాప్‌వాచీలో 27.8 వచ్చింది. చేతి వాచీ ఎలక్ట్రానిక్ టైమింగ్ కంటే కాస్త తక్కువ చూపిస్తుంది కాబట్టి 0.24 కలుపుకుని 28.04 అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వంపులో లోపలి భుజం దించమని ఒక్కసారి చెబితే పట్టేసింది.

పోటీలకు పేరు పంపేముందు కాగితాలు తెమ్మన్నాను. ఆధార్‌లో ఒకలా, బర్త్ సర్టిఫికెట్‌లో ఒకలా ఉంది. వాళ్లమ్మ బెదిరిపోయింది. "మాకేం తెలుస్తాది టీచరమ్మా, వాళ్లేం రాసుకుంటే అదే కదా. దీనికోసం మళ్లా అడిగితే తిడతారేమో" అంది.

"తిట్టరమ్మా, నేనొస్తాను పద" అన్నాను.

శనివారం ఆమె ఒక ఇంటి పని మానుకుని వచ్చింది. ఆధార్ సెంటర్‌లో గంటన్నర లైనులో కూర్చున్నాం. మా వంతు వచ్చాక కంప్యూటర్ దగ్గరున్న అబ్బాయి టైప్ చేసి, స్క్రీన్ మా వైపు తిప్పి చూసుకోమన్నాడు. వాళ్లమ్మ నా వైపు చూసింది. నేను పిల్లని ముందుకు జరిపాను. అది వంగి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ పైకే చదివింది. ఇంగ్లిష్‌లో ఒకసారి, కన్నడంలో ఒకసారి.

"కరెక్టే మిస్" అంది.

ఇంకోసారి చదవమన్నాను. చదివింది. అప్పుడు ఆ అబ్బాయిని ఓకే నొక్కమన్నాను.