ముప్పై ఆంపుల ఇల్లు

బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇంట్లో, అంటే ట్రావెల్ ట్రైలర్‌లోనే, ఏడాదంతా ఉంటున్నామని చెప్పగానే అందరూ ముందు అడిగేది "ఇరుగ్గా ఉండదా?" అని. ఉంటుంది. ఇరవై ఆరు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. ఒకరు పొయ్యి దగ్గర నిలబడితే రెండోవాళ్లు బాత్‌రూమ్‌కి వెళ్లడానికి పక్కకి ఒదగాలి. అయినా ఆ ఇరుకు కొన్ని వారాల్లో ఒంటికి అలవాటైపోతుంది. ఎక్కడ వంగాలో, ఏ తలుపు ఎంత తెరవాలో శరీరానికే తెలిసిపోతుంది. నన్ను నిజంగా అలసిపోయేలా చేసేది వేరే ఉంది. మామూలు ఇంట్లో మనం ఎప్పుడూ తలచుకోని పనులన్నీ ఇక్కడ మన చేతికే వస్తాయి. కరెంటు ఎంత మిగిలింది, నీళ్లు ఎన్ని ఉన్నాయి, మురుగు ఎక్కడికి పోవాలి, పైకప్పు ఎక్కడైనా తడిసిందా, బరువు ఎటు మొగ్గింది. వీటి మీద నుంచి ధ్యాస తీయడానికి ఉండదు. ఈ బతుకులో నాకు నచ్చినవాటిలో సగం ఆ ధ్యాసలోంచే వచ్చాయి. అందుకే మంచీ చెడూ విడదీయకుండా రాస్తున్నాను.

ముందు కరెంటు సంగతి. మాది 30 ఆంపుల కనెక్షన్. అమెరికాలో 120 వోల్టులు కాబట్టి అంతా కలిపి 3,600 వాట్లు. వినడానికి చాలానే అనిపిస్తుంది. కానీ ఏసీ ఒక్కటే పన్నెండు నుంచి పదిహేను ఆంపులు లాగుతుంది. మైక్రోవేవ్ దాదాపు అంతే. గీజర్‌ని గ్యాస్ మీద కాకుండా కరెంటు మీద పెడితే ఇంకో పన్నెండు. మూడూ కలిస్తే బ్రేకర్ పడిపోతుంది. అందుకని ఏ స్విచ్ వేయాలన్నా ముందు ఒక కేక వేస్తాం.

"ఏవండీ, మైక్రోవేవ్ పెడుతున్నా."

"ఆగు, గీజర్ కట్టేస్తాను."

రోజూ ఇవే మాటలు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇంకా కష్టం. ఇలాంటి బండ్లు ఆపుకునే పార్కులో ఉన్న ట్రైలర్లన్నీ ఒకేసారి ఏసీలు వేస్తే వోల్టేజీ పడిపోతుంది. అలా తక్కువ వోల్టేజీ మీద నడిస్తే ఏసీ కంప్రెసర్ పాడవుతుంది. అందుకే కరెంటు పెట్టెకీ మా తీగకీ మధ్య ఒక రక్షణ పరికరం పెట్టాం. వోల్టేజీ 104 కంటే దిగితే అదే కరెంటు కట్ చేస్తుంది. అప్పుడు తలుపులు తీసుకుని చెట్టు నీడలో కూర్చోవడమే. ట్రైలర్ కొనేవాళ్లు సోఫా రంగు కంటే ముందు ఈ పరికరం గురించి ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

ఇక నీళ్లు. అడుగున మూడు ట్యాంకులు. మంచినీళ్లది 45 గ్యాలన్లు, అంటే సుమారు 170 లీటర్లు. సింకు, స్నానం నీళ్లు పోయేది గ్రే ట్యాంకు. మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకు. కొళాయి కనెక్షన్ లేని చోట ఆగినప్పుడు మంచినీళ్లు అయిపోవడం కంటే ముందు గ్రే ట్యాంకు నిండిపోతుంది. గిన్నెలకి ఎన్ని నీళ్లు పోస్తున్నామో అప్పుడు తెలిసింది నాకు. ప్లేట్లని ముందు కాగితంతో తుడిచి, చిన్న టబ్బులో కడిగి, ఆ నీళ్లనే బకెట్‌లోకి వంచి మరుగుదొడ్డిలో పోస్తాం. అలా చేస్తే గ్రే ట్యాంకు మీద భారం తగ్గుతుంది, బ్లాక్ ట్యాంకుకి కావలసిన నీళ్లూ అందుతాయి.

ఆ బ్లాక్ ట్యాంకు గురించి ఎవరూ వివరంగా మాట్లాడరు, కాబట్టి నేను చెప్తాను. పార్కులో మురుగు పైపు కలిపి ఉన్నా సరే, బ్లాక్ ట్యాంకు వాల్వ్ ఎప్పుడూ మూసే ఉంచాలి. తెరిచి వదిలేస్తే నీళ్లన్నీ ముందే జారిపోయి, గట్టిదంతా ట్యాంకులోనే మరుగుదొడ్డి పైపు కింద కుప్పగా పేరుకుని ఎండిపోతుంది. దాన్ని కరిగించడం నరకం. మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారిగా వదలాలి. ముందు బ్లాక్, తర్వాత గ్రే. సబ్బు నీళ్లు వెనక నుంచి వచ్చి గొట్టాన్ని కడిగేస్తాయి. ఖాళీ అయ్యాక రెండు మూడు గ్యాలన్ల మంచినీళ్లు అడుగున పోసి ఉంచాలి. చేతి తొడుగులు వేసుకుని ఈ పని చేయడం నాకిప్పుడు పెద్ద విషయం కాదు. మనం వదిలేది ఎక్కడికి పోతుందో ఒకసారి కళ్లతో చూసినవాళ్లు నీళ్లని వృథా చేయలేరు.

చలి వేరే పరీక్ష. ఉష్ణోగ్రత సున్నాకి దిగితే నీళ్ల గొట్టం గడ్డకడుతుంది. మేం వేడి తీగ చుట్టిన గొట్టం వాడతాం. అయినా బాగా చలి రాత్రుల్లో దాన్ని తీసేసి ట్యాంకు నీళ్లతోనే గడిపేస్తాం. లిథియం బ్యాటరీలు సున్నా డిగ్రీల కంటే కిందికి పోయినప్పుడు ఛార్జ్ చేయకూడదు, అందుకని వాటిని మంచం కింద, లోపలే పెట్టించాం. అన్నిటికంటే మొండి శత్రువు తేమ. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. మన ఊపిరి, వంట, తడి తువ్వాళ్లు దానికి తోడు. చల్లటి గోడలకి అది చెమటలా పడుతుంది. పరుపు అడుగున బూజు వస్తుంది. చలిగా ఉందని కిటికీలన్నీ బిగించుకుంటే ఇంకా ఎక్కువవుతుంది. పైన ఫ్యాన్ కిటికీ కొంచెం తెరిచి, తేమ లాగే చిన్న యంత్రం రాత్రంతా నడిపిస్తాం. పరుపు కింద గాలి ఆడేలా ప్లాస్టిక్ జల్లెడ పరిచాక ఆ బూజు గొడవ ఆగింది.

పైకప్పు విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ టెన్షనే. ఒక వానాకాలంలో మంచం దగ్గర మూల గోడ మెత్తగా తగిలింది. బయట ఉన్న చిన్న మార్కర్ లైటు చుట్టూ నీళ్లు దిగకుండా వేసే సీలెంట్ ఫ్యాక్టరీలోనే సరిగ్గా వేయలేదట. అక్కడి నుంచి చుక్క చుక్కగా దిగిన నీళ్లకి లోపలి చెక్క నానిపోయింది. బయటి ఫైబర్‌గ్లాస్ పొర ఉబ్బింది. తయారుచేసినవాళ్లని అడిగితే, పూర్తికాలం నివాసానికి వాడితే వారంటీ వర్తించదని చెప్పారు. కాగితాల్లో నిజంగానే అలా ఉంది. చాలా కంపెనీల వారంటీల్లో ఇలాంటి షరతు ఉంటుంది. అమెరికాలో అమ్ముడయ్యే ఈ బండ్లలో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌కార్ట్ చుట్టుపక్కలే తయారవుతాయి. వారాంతపు సెలవులకి సరిపోయేలా, తేలిగ్గా, త్వరగా కడతారు. వాటిలో ఏళ్ల తరబడి బతకాలనుకునేవాళ్లు ఆ సంగతి ముందే తెలుసుకోవాలి. ఇప్పుడు మూడు నెలలకోసారి నిచ్చెన వేసుకుని పైకెక్కి, ప్రతి అతుకూ వేలితో తడిమి చూస్తాను. ఎక్కడ పగులు కనిపించినా ఆ రోజే సీలెంట్ వేస్తాను.

ఇంత చాకిరీ ఎందుకు చేస్తున్నట్టు? వాతావరణాన్ని మనమే ఎంచుకోవచ్చు కాబట్టి. ఈ ఒక్క మాట కోసం నేను చాలా వదులుకోగలను. శీతాకాలం అరిజోనాలోని క్వార్ట్‌సైట్ దగ్గర ఎడారిలో ఉంటాం. అక్కడ లా పోసా అనే చోట ప్రభుత్వ భూముల శాఖ బీఎల్ఎం, సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు రుసుము తీసుకుని దీర్ఘకాలం ఉండనిస్తుంది. మిగతా బీఎల్ఎం భూముల్లో మామూలుగా 14 రోజులే. ఎండలు ముదరగానే ఫ్లాగ్‌స్టాఫ్ వైపు, దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తున ఉన్న పైన్ అడవుల్లోకి ఎక్కేస్తాం. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు మూడున్నర ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గుతుందని పుస్తకంలో చదివిన లెక్క, అక్కడికి చేరిన సాయంత్రం చొక్కా మీద స్వెటర్ వేసుకున్నప్పుడు ఒంటికి తెలుస్తుంది. ఆ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి, కాబట్టి ప్రెషర్ కుక్కర్ లేకపోతే గింజలు తొందరగా ఉడకవు.

క్వార్ట్‌సైట్ రాత్రుల గురించి ఎంత రాసినా నాకు తృప్తి ఉండదు. దీపాల్లేని ఎడారి. నక్షత్రాలు నేల అంచు దాకా కనిపిస్తాయి. పగలంతా సోలార్ పలకలు నింపిన కరెంటుతో రాత్రి ఒక దీపం, ఒక ఫ్యాన్, లాప్‌టాప్. ఎవరి మీదా ఆధారపడకుండా గడిచిన అలాంటి రాత్రి నాకు నిజమైన ఐశ్వర్యం. చుట్టుపక్కల ఉన్నవాళ్లలో చాలామంది మాకంటే పెద్దవాళ్లు. మా నీళ్ల పంపు ఆగిపోయిన సాయంత్రం, పేరు కూడా అడగకుండా ఒకాయన తన స్పేర్ పంపు తెచ్చి బిగించి వెళ్లాడు. వచ్చే శీతాకాలం కలుస్తామో లేదో తెలియని స్నేహాలు ఇవి. అలా విడిపోవడం నాకు ఇంకా అలవాటు కాలేదు.

బండి కదిలే రోజు అంటే ఒళ్లంతా జాగ్రత్తే. ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముందు కొక్కెం మీద పడాలి. తక్కువైతే హైవే మీద వెనక భాగం ఊగడం మొదలుపెడుతుంది. లారీలు ఆగే చోట ఉండే క్యాట్ స్కేల్ మీద తూకం వేయించి, పుస్తకాల పెట్టెలు ముందుకో వెనక్కో జరుపుతాం. నీళ్ల ట్యాంకు నిండా ఉంటే ఒక్కదానికే 170 కిలోలు. కాబట్టి కొత్త వస్తువు ఏది లోపలికి వచ్చినా, పాతది ఒకటి బయటికి పోవాలి. బండిని రివర్స్‌లో వెనక్కి నడపడం నా పని. స్టీరింగ్ అడుగు భాగాన్ని పట్టుకుని, ట్రైలర్ వెనక ఎటు వెళ్లాలో చేతిని అటే కదిపితే చాలు. మా ఆయన బయట నిలబడి ఫోన్లో చెప్తారు. ఆ కాసేపు నేను కోప్పడినా ఆయన మారు మాట అనరు.

దారులు కూడా మనకి ఇష్టమొచ్చినట్టు ఉండవు. బాల్టిమోర్‌లో రేవు కింది సొరంగాల్లోకి మా సైజు గ్యాస్ సిలిండర్లతో వెళ్లనివ్వరు. ఇదివరకు ఇలాంటి బళ్లు ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన మీదుగా పోయేవి. 2024 మార్చి 26న ఓడ గుద్దుకుని ఆ వంతెన కూలిపోయాక ఊరి పడమటి వైపు నుంచి చుట్టు తిరిగి పోవలసి వస్తోంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అడ్రస్ లేకపోవడం. బ్యాంకు, లైసెన్సు, ఓటు, పన్ను అన్నిటికీ ఒక వీధి పేరు కావాలి. 1978లో జో పీటర్సన్, కే పీటర్సన్ దంపతులు మొదలుపెట్టిన ఎస్కేపీస్ అనే క్లబ్బు టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్ నుంచి ఉత్తరాల సేవ నడుపుతుంది. మాలాంటివాళ్లు ఎందరో ఆ ఊరినే చట్టపరంగా తమ ఊరు చేసుకున్నారు. మేమూ అంతే. కానీ ఆరోగ్య బీమా దగ్గర ఇది అక్కరకు రాదు. చాలా పాలసీల్లో డాక్టర్ల జాబితా ఆ ప్రాంతానికే పరిమితం, బయట అత్యవసర చికిత్సకి మాత్రమే డబ్బిస్తారు. ఆయనకి బీపీ మందు మార్చవలసి వచ్చినప్పుడు, మమ్మల్ని చూడగలిగే డాక్టరు కోసం రెండు రాష్ట్రాలు దాటి వెళ్లాం. ఆ దారంతా నాకు నోట మాట రాలేదు. వయసు పెరిగేకొద్దీ ఈ ప్రశ్న పెద్దదవుతుంది. ఒకచోట స్థిరపడే రోజు వస్తుందని ఇద్దరికీ తెలుసు. ఎప్పుడన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

కొనాలా అని అడుగుతున్నవాళ్లు ముందు ఒకటి అద్దెకి తీసుకోండి. ఎండ కాసే సెలవుల్లో కాదు, ముసురు పట్టిన వారంలో. ఇద్దరూ ఉద్యోగం చేసేవాళ్లయితే పనిరోజుల్లోనే ఉండి చూడండి. ఒకరు మీటింగ్‌లో ఉండగా రెండోవాళ్లు గిన్నె కూడా కదపలేని ఆ గంటలే అసలు సంగతి చెప్తాయి. పాతది కొంటుంటే తళతళలాడే వంటగదిని వదిలేసి అల్మరాల్లో తల పెట్టి వాసన చూడండి, మూలల్లో గోడని బొటనవేలితో నొక్కండి. టైర్లకి గాడులు బాగున్నాయని నమ్మవద్దు, ఐదారేళ్లు దాటితే నిలబడి ఉన్నా అవి పాడవుతాయి. టైరు పక్క గోడ మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని. ఆ టైర్లతో హైవే ఎక్కకండి, ముందు మార్పించండి.