వెనక జారితే కాలు ఎత్తకూడదు

మా ఇంట్లో ఇంతవరకు ఉన్న కార్లన్నీ ఫ్రంట్‌వీల్ డ్రైవ్ కార్లే, అంటే ఇంజను శక్తి ముందు చక్రాలకే అందేవి. మొదట పాత మారుతి 800, ఇప్పుడు స్విఫ్ట్. ఒంగోలు నుంచి కందుకూరికీ, హైవే మీద కావలికీ, నెల్లూరుకూ వాటిలో ఎన్నిసార్లు తిరిగానో చెప్పలేను. అందుచేత ఐరేసింగ్ అనే కంప్యూటర్ రేసింగ్ సిమ్యులేటర్‌లో (సిమ్‌లో) ఆడి ఆర్‌ఎస్3 ఎల్‌ఎంఎస్ అనే టీసీఆర్ కారు కొన్న రోజున, ఇందులో నేను కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా ఉండదనుకున్నాను. ఆ రాత్రి అందులోనే, అమెరికాలోని లైమ్ రాక్ పార్క్ ట్రాక్ మీద మొదటి పది ల్యాపుల్లో ఆరుసార్లు కారు బొంగరంలా తిరిగింది.

2015లో పోటీలు మొదలైన టీసీఆర్ తరగతిలోని కార్లు మామూలుగా షోరూముల్లో అమ్మే మోడళ్ల నుంచి తయారైనవే. రెండు లీటర్ల టర్బో ఇంజను, సుమారు 350 హార్స్‌పవర్, ఆ శక్తి మొత్తం ముందు చక్రాలకే. బండిని లాగడం, తిప్పడం, బ్రేకు పనిలో అధిక భాగం మోయడం, ఈ మూడూ ముందు రెండు టైర్ల మీదే పడతాయి. టైరుకు ఉన్న పట్టు ఎంతో అంతే. మలుపు తిరగడానికే అది మొత్తం ఖర్చవుతున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే, లాగడానికి ఇక ఏమీ మిగలక కారు ముక్కు మలుపు బయటికి పోతుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. అప్పుడు చేతిలో స్టీరింగ్ ఒక్కసారిగా తేలికవుతుంది. తిరగడం లేదు కదా అని ఇంకొంచెం తిప్పుతాం, టైరు ఇంకొంచెం జారుతుంది. ఇక్కడ చేయవలసింది స్టీరింగ్ కాస్త వెనక్కి విప్పి టైరుకు ఊపిరి పోయడమని అర్థం కావడానికి నాకు వారం పట్టింది.

నన్ను గిరగిర తిప్పింది మాత్రం ఇది కాదు, దీనికి పూర్తిగా ఎదురు జబ్బు. రోడ్డు మీద తిరిగే కారును కంపెనీలు కావాలనే అండర్‌స్టీర్ వైపు మొగ్గేట్టు తయారుచేస్తాయి. కంగారులో కాలు ఎత్తేసినా అది బుద్ధిగా ముందుకే పోవాలి గదా. రేసు కారులో అలా కుదరదు. ముక్కు లోపలికి రావాలంటే వెనక భాగం బయటికి తిరగాలి కనుక, వెనక సస్పెన్షన్‌ను బాగా బిగుతుగా పెడతారు. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు చటుక్కున తీస్తే బరువంతా ముందుకు ఒరిగి, వెనక టైర్లు తేలికై, తోక పక్కకు లేచిపోతుంది. అంతకుముందు ఏడాదిపాటు సిమ్‌లో నేను నడిపిన మాజ్డా ఎంఎక్స్-5 వెనక చక్రాలతో నడిచే బండి. అందులో యాక్సిలరేటర్ ఎక్కువై తోక జారితే, కాలి ఒత్తిడి మెల్లగా తగ్గించి స్టీరింగ్ ఎదురు తిప్పితే సర్దుకుంటుంది. ఆడిలో కాలు తగ్గించడమంటే తిరుగుతున్న బొంగరానికి ఇంకో తాడు చుట్టడమే. తోక జారిందని తెలిసిన క్షణంలో స్టీరింగ్ కొద్దిగా ఎదురు తిప్పి యాక్సిలరేటర్ తొక్కాలి. బరువు వెనక్కి వెళుతుంది, ముందు చక్రాలు కారును ఈడ్చి దారిన పెడతాయి.

తర్కం ఇంత సులువుగా ఉన్నా కాలికి ఎక్కలేదు. భయమేస్తే కాలు పైకి లేస్తుంది, అంతే. అప్పుడు నాకు మా తాతయ్య ఎడ్లబండి జ్ఞాపకం వచ్చింది. వాన పడ్డ నల్లరేగడి డొంకలో బండి వెనక వైపు పక్కకు జారుతుంటే నేను భయపడి పగ్గాలు బిగబట్టాను. "పగ్గాలు లాగబాకరా అబ్బయ్యా, ఎద్దుల్ని అదిలించు, అయ్యే లాక్కుపోతాయి" అన్నాడాయన. ఎడ్లబండి కంటే అసలైన ఫ్రంట్‌వీల్ డ్రైవ్ ఇంకేముంటుంది! పోలికను మరీ సాగదీయను గానీ, ఆ మాట గుర్తు తెచ్చుకున్న రోజే మొదటిసారి తోక జారిన కారును గడ్డిలోకి పోకుండా నిలబెట్టగలిగాను.

తరువాతి పాఠం బ్రేకుది. మలుపుకు ముందే బ్రేకు పూర్తిగా వదిలేయకుండా, స్టీరింగ్ తిప్పుతూ ఒత్తిడిని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతే, వెనక భాగం కావలసినంత మాత్రమే తిరుగుతుంది. కారు ముక్కు బయటి దారి వైపు చూసేవరకు ఓపిక పట్టి, స్టీరింగ్ దాదాపు తిన్నగా అయ్యాకే శక్తి ఇవ్వాలి. దీనికి ఎడమకాలి బ్రేకింగ్ ఎంతో ఉపకరిస్తుంది. 1962, 1963 మాంటే కార్లో ర్యాలీలను ఫ్రంట్‌వీల్ డ్రైవ్ శాబ్ 96తో గెలిచిన స్వీడన్ డ్రైవర్ ఎరిక్ కార్ల్‌సన్, కుడికాలు యాక్సిలరేటర్ మీద ఉంచి ఎడమకాలితో బ్రేకు తొక్కేవాడు. క్లచ్ తొక్కడానికి అలవాటు పడిన నా ఎడమకాలికి సున్నితం తెలియదు. మొదట్లో బ్రేకు మీద పడితే పెడళ్లు పలకరాళ్ల మీద జారి బల్ల కిందికి పోయేవి. వాటి వెనక 26 కిలోల బియ్యం మూట అడ్డం పెట్టాను. బియ్యం అవసరమైనప్పుడల్లా నా సాధన ఆగిపోతున్నదనే ఫిర్యాదు ఇంట్లో నా ఒక్కడిదే.

సిమ్‌లో ఇంకో లోటుంది. నిజమైన కారులో తోక జారే సంగతి ముందుగా నడుముకు తెలుస్తుంది. కుర్చీలో కూర్చున్నవాడికి ఆ వార్త కంటి ద్వారా ఆలస్యంగా చేరుతుంది. ముందు టైర్ల కబురు మాత్రం స్టీరింగ్ చక్కగా చెబుతుంది. అందుకే వెనక టైర్లు చల్లగా ఉండే మొదటి రెండు ల్యాపులంటే నాకు ఇప్పటికీ బెరుకు. అవి బండిని లాగవు, బ్రేకు భారం పెద్దగా మోయవు కనుక ఆలస్యంగా వేడెక్కుతాయి. ఆలోగా ముందు టైర్లు అప్పుడే సిద్ధమై ఉంటాయి, పట్టు అంతా ముందువైపే ఉంటుంది.

రేసు చివరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. లైమ్ రాక్‌లో ఏడు మలుపులుంటే ఎడమవైపుది ఒక్కటే, తక్కినవన్నీ కుడివైపువే. కాబట్టి భారమంతా ఎడమవైపు ముందు టైరు మీద పడి అది ముందుగా అరుగుతుంది. మొన్నటి రేసులో మొదటి పది ల్యాపులు ఎవరినో తరుముతూ ఆ టైరును కాల్చేసుకున్నాను. ఆఖరి అయిదు ల్యాపుల్లో డౌన్‌హిల్ అనే చివరి మలుపులో కారు తిరగనంటుంటే, వెనకాల నుంచి నలుగురు వరసగా దాటిపోయారు. ఈ శనివారం అదే ట్రాక్ మీద మళ్లీ రేసు ఉంది. ఈసారి మొదటి పది ల్యాపులు ఎవరినీ తరమకూడదని పెడళ్ల పక్కన చీటీ అంటించుకున్నాను.