బ్యాటరీ తప్పేం లేదు

ఎక్కి కూర్చుని గడ్డి కోసే పాత రైడింగ్ మోవర్‌తో మూడు ఆదివారాలు పోయాయి. తాళం తిప్పితే ఇంజన్ సగం చుట్టు తిరిగి, గోడకు గుద్దుకున్నట్టు టక్కున ఆగిపోయేది. బ్యాటరీ మార్చాను. స్టార్టర్ విప్పి చూశాను, ఎర్త్ వైరు కింద తుప్పు గీకాను. అబ్బే! స్పార్క్ ప్లగ్ తీసేస్తే మాత్రం గిర్రున తిరుగుతోంది. అసలు నాకు అక్కడే తట్టాల్సింది. స్టార్టర్‌కి బలముంది, సిలిండర్‌లో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడిని, అంటే కంప్రెషన్‌ని, దాటలేకపోతోంది.

స్టార్ట్ చేసేటప్పుడు ఒక వాల్వు కొంచెం తెరుచుకుని ఒత్తిడి తగ్గించేలా వాల్వుల్ని తెరిపించే క్యామ్‌షాఫ్ట్ మీద చిన్న ఏర్పాటు ఉంటుంది. అది ఎత్తేది వెంట్రుకవాసే. వాల్వుకీ, దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు పెరిగితే ఆ కాస్త ఎత్తూ అందులోనే కలిసిపోతుంది. కవరు విప్పి, పిస్టన్ పైకొచ్చి కాస్త దిగేదాకా చేత్తో తిప్పి, సందులు కొలిచే పల్చటి బ్లేళ్ల ఫీలర్ గేజ్ దూర్చాను. 0.1 మిల్లీమీటరు దగ్గర ఉండాల్సిన సందులో 0.3 బ్లేడు హాయిగా దూరిపోయింది! రాకర్ నట్టు కొద్దిగా బిగించానంతే. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది.

కొత్త బ్యాటరీ బిల్లు ఇంట్లో ఇంకా చూపించలేదు.