ఉదయగిరి దారిలో ఒక పిస్తోలు ఒర

పాత సైనిక పిస్తోళ్లు సేకరిస్తానని నలుగురికీ చెప్పుకొనే నా ఇంట్లో ఒక్క పిస్తోలు కూడా లేదు. సైన్యం వాడే తూటాలు పట్టే పిస్తోళ్లు మన దేశంలో నిషిద్ధ బోరు (బోరంటే గొట్టం లోపలి వెడల్పు) కిందికి వస్తాయి కనుక సామాన్యుడికి లైసెన్సు దొరకదు. మామూలు బోరు తుపాకులైనా 2019 సవరణ తరువాత ఒక మనిషి దగ్గర రెండుకు మించి ఉండకూడదు. అందుకే నావంటివాళ్లం వాటి ఒరలు, భుజానికి కట్టే తాళ్లు, గొట్టం తుడిచే కడ్డీలు ఏరుకుంటూ తిరుగుతాం.

ఉదయగిరికి ఇటుపక్క ఒక పల్లెలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో జమేదారుగా, అంటే సైన్యంలో చిన్న అధికారిగా పనిచేసినాయన ఇంట్లో జర్మను పిస్తోలు ఒర ఉందని తెలిసి, రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో నెల్లూరు నుంచి బయలుదేరాను. వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం. ఆత్మకూరు దాటాక పచ్చదనం పలచబడి, చివరికి 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గపు కొండ ఎదురుగా నిలబడింది. కొండ ఎక్కడానికే వచ్చానని కండక్టరు అనుకున్నాడు. కాదనే ఓపిక నాకు లేకపోయింది.

జమేదారుగారి కూతురికి ఎనభై ఏళ్లు దాటాయి. మజ్జిగ ఇచ్చి, రేకు పెట్టె తెరిచి, పంచె గుడ్డలో చుట్టిన ఒరను నా ఒళ్లో పెట్టారు. "మా నాయన జర్మనోడి దగ్గర లాక్కున్న తుపాకి సంచి ఇది, నాయనా" అన్నారు.

చేతిలోకి తీసుకోగానే నాకు సందేహం పుట్టింది. జర్మను సైన్యం 1908లో స్వీకరించిన లూగర్ పిస్తోలు ఒర తోలుది. మూత గుండ్రంగా బోర్లించినట్లుంటుంది, పక్కన అదనపు మ్యాగజైన్‌కు, అంటే తూటాలు నింపే డబ్బాకు, చిన్న సంచి కుట్టి ఉంటుంది. ఇదేమో మందపాటి నేత పట్టీలతో చేసినది. వెనుక నడికట్టుకు తగిలించే ఇత్తడి కొక్కేలు, లోపల కడ్డీ దూర్చడానికి సన్నని గొంది ఉన్నాయి. బ్రిటిష్ సైన్యం 1937 నమూనా సరంజామాలోని ఒర ఇలాగే ఉంటుంది. అవ్వ ఏటా సంక్రాంతికి సోడా వేసి ఉతికి, ఇత్తడిని చింతపండుతో తోమడం వల్ల పైనున్న ముద్రలన్నీ పోయాయి. ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు. మొట్టమొదట సంపాదించిన తోలు ఒరకు నేనే ఆముదం పట్టించి, అది నల్లబడి మెత్తని పిండిలా అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాను.

మూత లోపలిభాగానికి మాత్రం సోడా అంతగా తగిలినట్లు లేదు. కిటికీ దగ్గర వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే "ఎం. ఇ. కో." అన్న అక్షరాలు, కింద 1942, ఆ పక్కన బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు వేసే బాణం గుర్తు మసకగా కనిపించాయి. అది లండన్‌లోని మిల్స్ ఎక్విప్‌మెంట్ కంపెనీ ముద్ర.

సంగతి మెల్లగా చెప్పాను. అవ్వ తడుముకోలేదు. "సంచి ఇంగ్లీషోళ్లదైతే తుపాకి జర్మనోడిది కాకూడదా?" అన్నారు. ప్రశ్న న్యాయమైనదే, యుద్ధంలో దొరికిన పిస్తోలును చేతికందిన ఒరలో దోపుకొన్న సిపాయిలు ఎందరో ఉన్నారు. కానీ లూగర్ బల్లపరుపుగా ఉంటుంది. ఈ ఒర నడుమ మాత్రం ఆరు తూటాల చక్రం ఏళ్లతరబడి నొక్కుకొని ఉబ్బిన గుర్తు రెండువైపులా ఉంది. ఆ ఉబ్బు మీద నేత పోగులు అరిగి నున్నబడ్డాయి. అందులో ఉన్నది రివాల్వరే. దీనికి ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపటికి మనవణ్ణి పిలిచి అటక మీది కాగితాల సంచి దించమన్నారు.

అందులో పాత లైసెన్సు పుస్తకం దొరికింది. జమేదారుగారు పింఛను పుచ్చుకొని వచ్చాక, 1956లో, .380 ఎన్‌ఫీల్డ్ రివాల్వరు కొన్నట్లు ఇంగ్లీషులో రాసి ఉంది. బ్రిటిష్ సైన్యం 1932లో స్వీకరించిన తుపాకి అది, అంతకుముందు వాడిన .455 వెబ్లీ రివాల్వరు కన్నా తేలిక, పేల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ కూడా తక్కువ. గొళ్లెం నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే ఖాళీ తూటాలు ఆరూ ఒక్కసారిగా పైకి లేచి బయటపడతాయి. ట్యాంకుల్లో ఇరుక్కుంటోందని 1938 తరువాతి రకంలో హ్యామర్‌కు (తూటాను కొట్టి పేల్చే సుత్తికి) వెనుక పొడుచుకొచ్చే కొన తీసేశారు. ఒర మూత లోపల కొన రాసుకున్న జాడ లేదు కనుక ఇదీ ఆ రకమేనని నా ఊహ. తుపాకి చూడకుండా అంతకన్నా గట్టిగా అనలేను. ఆయన పోయాక వారసులకు లైసెన్సు లేనందువల్ల ఇంటివాళ్లు దాన్ని పోలీసు స్టేషన్‌లో జమచేశారు. ఇప్పుడు మిగిలింది రసీదు ఒక్కటే.

ఒరను అమ్ముతారా అని అడగడానికి రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను. మూడోసారి అడిగితే అవ్వ నవ్వి, ఫొటోలు తీసుకోమన్నారు. తిరిగి గుడ్డలో చుడుతూ, ఆ లోపలి అంకెలు ఇంకొకసారి చదివించుకొని, "ఇక దీన్ని ఉతకొద్దురా" అని మనవడికి చెప్పారు.

ఉదయగిరి సెంటర్లో బస్సు కోసం నిలబడి, మా ఇంటికని రెండు చెక్క గరిటెలు కొన్నాను. రాత్రి నెల్లూరులో ఫొటోలు చూసుకుంటే 1942 చక్కగా పడింది కానీ బాణం గుర్తు అలుక్కుపోయింది. కార్తీకంలో, ఎండ తగ్గాక, మళ్లీ వెళ్లాలి.