ఆయన్నే అడగొచ్చుగా

పడుకుందామంటే పిన్ని గొంతు ఇంకా చెవిలో గింగురుమంటోంది. "బావగారికి అన్నీ మంచంలోనేనా, లేపి తీసుకెళ్తున్నావా?" అని అడిగింది. నన్ను. బావగారంటే మా నాన్న, ఎదురుగా కుర్చీలోనే ఉన్నారు, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని.

ఆ చొక్కాకి మాకు పావుగంట పట్టింది. పక్షవాతంతో పడిపోయిన చెయ్యి ముందు తొడగాలి, బాగున్న చెయ్యి తర్వాత. విప్పేటప్పుడు దీనికి తిరగేసి. గుండీలు మాత్రం ఆయన పని. ఒంటిచేత్తో ఒక్కోటీ వెతుక్కుంటూ, మధ్యలో ఆగి, పై గుండీ కింది కన్నంలోకి పోతే మళ్ళీ మొదటి నుంచీ. నేను పెడితే నిమిషం పని. నా చేతులు అటు పోకుండా వాటితో దువ్వెన పట్టుకుని నిలబడతాను. అంత చేసి హాల్లోకి వస్తే ఇదీ పలకరింపు.

"ఆయన్నే అడుగు పిన్నీ" అన్నాను. నవ్వేసింది. "ఇప్పుడు ఆయన నీకు చంటిపిల్లాడే కదమ్మా!"

చంటిపిల్లాడట. ఈ మాట ఎంతమంది అన్నారో. అన్నవాళ్ళంతా ప్రేమగానే అన్నారు, అదే ఒళ్ళు మండించేది. చంటిపిల్లాడికి సిగ్గెక్కడిది? బట్టలు మారుస్తుంటే కాళ్ళు ఆడిస్తాడు. నాన్న గోడకేసి చూస్తారు. పక్షవాతం ఎడమ వైపంతా లాగేసుకుంది గానీ ఆ సిగ్గుని ముట్టుకోలేదు.

నానమ్మ గుర్తొచ్చింది. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక, గాలి బాగా వస్తుందని ఆవిడ మంచం హాల్లో వేశారు. గాలి సంగతేమో గానీ వచ్చేపోయే జనం మాత్రం బాగా వచ్చేవాళ్ళు. పెద్దత్త వంటింట్లోంచి "ఇవాళ అయిందా?" అని అరిచేది. "ఇంకా లేదు, నిన్నా లేదు" అని ఇటు నుంచి ఇంకో గొంతు. ఎవరైనా చూడ్డానికొస్తే ఆ లెక్క వాళ్ళకీ ఒప్పజెప్పేవాళ్ళు. నానమ్మ కళ్ళు మూసుకునే ఉండేది. పిలిచినా పలికేది కాదు. పాపం చెవుడు కూడా వచ్చేసింది అనుకున్నారంతా. నేను ఆ మంచం పక్కనే నేలమీద కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం పెన్సిల్ దొర్లి మంచం కిందకి పోయింది. వంగి తడుముతుంటే పైనుంచి చిన్నగా, "ఆ కోడు దగ్గర ఆగింది చూడు." నిజంగానే అక్కడే ఉంది! పెన్సిల్ దొర్లిన చప్పుడు వినబడిన మనిషికి పెద్దత్త అరుపు వినబడదా? నేను నోరు తెరిచేలోపే "ఎవరికీ చెప్పకు" అంది. చెప్పలేదు. ఆవిడ పోయాక కూడా చాలాకాలం చెప్పలేదు. ఆ హాల్లో తాడు కట్టి, దుప్పటి అడ్డంగా వేసి, అది తీసే ముందు ప్రతిసారీ "అమ్మా, వస్తున్నా" అనే మనిషి ఒక్కరే ఉండేవారు. నాన్న. చెవుడని ఆయన కూడా నమ్మారు, అయినా అనేవారు.

అందుకే ఈ ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. స్నానానికి కాళ్ళకి రబ్బరు బిళ్ళలున్న కుర్చీ. నీళ్ళు నేను చూశాక ఆయన కుడిచేత్తో చూస్తారు, ఎడమ వైపు వేడి సరిగ్గా తెలియదు కాబట్టి. ఒళ్ళో తువ్వాలు తడిసినా తీయం. వీపు, కాళ్ళు, కుడిచెయ్యి నావి. కుడిచెయ్యి ఎందుకంటే బాగున్న చెయ్యి తనని తాను రుద్దుకోలేదు, ఇది నాకు మొదట తట్టనే లేదు. మిగతాది ఆయనది. సబ్బు చేతికిచ్చి ఓరగా వేసిన తలుపు అవతల నిలబడి ఏదో ఒకటి వాగుతుంటాను. లోపలి గడియ తీయించేశామని మాత్రం ఆయనకి ఇప్పటికీ కోపమే.

ఇక రాత్రుళ్ళ సంగతి. అన్నయ్య ఎప్పట్నుంచో "డైపర్ వేసేయొచ్చుగా, అందరూ నిద్రపోతారు" అంటున్నాడు. ఇవాళ పిన్ని మీది కోపమంతా ఫోన్లో వాడి మీద చూపించాను. అడగగలిగిన మనిషి, లేపితే నిలబడగలిగిన మనిషి, ఆయనకి డైపర్ ఏంటి, నీ సుఖం కోసమా, దూరంగా ఉండి సలహాలా, అన్నీ అన్నాను. బాగా మాట్లాడాననే అనుకున్నాను కూడా.

ఫోన్ పెట్టేశాక నాన్న "పంచాయితీ అయిందా? తీర్పు ఎవరు చెప్పారు?" అన్నారు. తర్వాత, "రాత్రికి అది వెయ్యి. నిన్ను లేపాలా వద్దా అని ఆలోచిస్తూ పడుకుంటున్నాను. సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేశాను."

గ్లాసు నిండుగా ఎందుకుంటోందో అప్పుడు తెలిసింది. నీళ్ళు తగ్గిస్తే మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఆ రెండూ వస్తే పగటి పూట ఆయన కాపాడుకుంటున్నదంతా పోతుంది. మూత్రం బాటిల్ పట్టుకుని అర్ధరాత్రి నేను లేవడమే ఆయన పరువుని కాపాడటం అని నేననుకుంటున్నాను. ఆయనకేమో కూతుర్ని పిలవాల్సి రావడమే పరువు తక్కువ. ఇప్పటికీ నాకు ఆ డైపర్ ఇష్టం లేదు. కానీ నా ఇష్టం ఎవరు అడిగారు?

షరతులు మాత్రం గట్టిగానే పెట్టారు. చీకటి పడ్డాకే వెయ్యాలి, ఎవరూ లేవకముందే తీసెయ్యాలి, ప్యాకెట్ ఆయన బీరువాలోనే ఉండాలి, దాని పేరు హాల్లో ఎత్తకూడదు. పగలు మాత్రం బాత్రూమే, ఎంతసేపు పట్టినా. నేను ఒక్కటే అడిగాను: పొద్దున్నే తుంటి దగ్గరా మడమల దగ్గరా ఎరుపు ఉందేమో చూడనివ్వాలని. నొక్కితే తెల్లబడని ఎరుపైతే పడక పుండుకి మొదలే. కాసేపు ఆలోచించి, "మడమలు చూసుకో. మిగతాది అద్దం ఇవ్వు, నేను చూస్తాను" అన్నారు. ఒంటిచేత్తో అద్దం పట్టుకుని వెనక ఎలా కనబడుతుందో నాకైతే అర్థం కాలేదు. అద్దం ఇచ్చాను. దీని మీద రేపు ఇంకో విడత ఉంటుంది.

పడుకునే ముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగారు. అన్నయ్య మాటే నెగ్గిందని వాడికి చెప్పాలి. ఇప్పుడే కాదులే, ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్తాను, అదీ వాడే అడిగితే.